షుగర్ మాత్ర ఆపలేదు, అన్నం ఆపేశాను

కందిపప్పు వాసనకు వాంతి వచ్చిన రోజున, నా ఒంట్లో ఏదో తేడా జరిగిందని నాకు తెలిసింది. నేను పుట్టింది పప్పుల అంగడిలో, మెట్టింది పప్పుల అంగడిలో. పసిబిడ్డగా ఉన్నప్పుడు మా అమ్మ నన్ను కందిపప్పు మూటల మీదే నిద్రపుచ్చేదట. అలాంటిదాన్ని, ఆ ఉదయం కొత్త మూట కుట్టు విప్పగానే గుప్పున వచ్చిన వాసనను తట్టుకోలేకపోయాను. అంగడి వెనక్కు పరుగెత్తాను. తిరిగి వచ్చి ఆ మూట మీదే కూలబడ్డాను.

మా ఆయన తూకం వేస్తూ నా వైపు చూశారు. "ఏందిమ్మే, సరుకు బాగలేదా?"

"సరుకు బాగానే ఉండాది. నేనే బాగలేను."

"ఇన్నాళ్లకి అంగట్లో కూచోని ఒక నిజం చెప్పినావు" అని ఆయన కొనేవాళ్ల ముందే నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే ఆయాసం వచ్చింది. అది కూడా కొత్తే.

అప్పటికి నెల దాటింది నేను అన్నం మానేసి. ఇడ్లీ లేదు, దోశ లేదు, పప్పు లేదు, పండు లేదు. అయినా ఆ ఆయాసానికీ నా తిండికీ సంబంధం ఉండవచ్చని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నన్ను నేను తిట్టుకునే చోట తిట్టుకుంటాను, కానీ నా మీద నాకున్న కోపం చిన్నది. పెద్ద కోపం ఎవరి మీదో చదివితే మీకే తెలుస్తుంది.

మాది మద్రాసులో తొండియార్‌పేట. ముత్తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, పోట్లాటలో రెండూ. నాకు యాభై దాటాయి. లావు మనిషిని. రోజంతా గల్లా పెట్టె దగ్గర కూర్చునే పని, ఎదురుగా ఎప్పుడూ వేడి వడలు దొరికే కొట్టు. లావు కాక ఏమవుతాను? మోకాళ్లు నొప్పి పెట్టేవి. షుగర్ కూడా ఉంది. పెరంబూరులో ఒక డయాబెటాలజిస్ట్ దగ్గర చూపించుకుంటున్నాను. ఆయన నాకు ఒక కొత్త మాత్ర రాశారు. "ఇది ఒంట్లో ఎక్కువైన షుగర్‌ను యూరిన్‌లో బయటికి పంపిస్తుంది. మీకు మంచి మాత్ర. నీళ్లు బాగా తాగండి. ఉపవాసాలు చేయకండి. వాంతులు పట్టుకుంటే మాత్ర ఆపి నాకు ఫోన్ చేయండి" అన్నారు. ఇంత స్పష్టంగా చెప్పారు. పాపం, ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు.

ఆ రోజుల్లోనే మా అంగడికి ఒక కొత్త గిరాకీ తగిలింది. ముప్పై ఏళ్లుంటాయేమో, మనవాళ్ల అమ్మాయే, ఇంట్లో తెలుగు. పేరు హారిక అనుకోండి. అవిసెగింజలు, గుమ్మడి గింజలు, బాదం మూటల లెక్కన కొనేది. ఇన్ని గింజలు ఏం చేస్తావమ్మా అని అడిగితే, తాను వెల్‌నెస్ కోచ్‌ననీ, ఫోనులో గ్రూపు పెట్టి జనానికి బరువు తగ్గిస్తాననీ చెప్పింది. మా గింజల్నే వేయించి, దంచి, పచ్చరంగు డబ్బాలో పోసి, మీద ఇంగ్లీషు పేరు అంటించి, మా ధరకు ఎన్నో రెట్లకు అమ్ముతోందని కొన్నాళ్లకు తెలిసింది. నాకు కోపం రాలేదు. గౌరవం పుట్టింది. ఇంత లాభం తీసే మనిషి దగ్గర ఏదో విద్య ఉండే ఉంటుందనుకున్నాను. వ్యాపారం చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఉండే గుడ్డితనం ఇది. బాగా అమ్ముడుపోయేది మంచి సరుకే అని నమ్ముతాం.

ఒకనాడు ఆమె నా మోకాళ్లకు కట్టుకున్న పట్టీలు చూసింది.

"ఆంటీ, మీరు నా దగ్గరికి రాండి. మూడు నెలల్లో మీ మోకాళ్లు మీ మాట వింటాయి."

"నా మాట మా ఇంట్లో ఎవురూ వినరు, మోకాళ్లు వింటాయా?"

"షుగర్ ఉండాదా?"

"ఉండాది."

"అదీ పోతుంది. కీటో డైట్ ఆంటీ. కార్బ్స్ లేకుంటే షుగర్ యాడి నుంచి వస్తుంది? మాత్రలు మీరే డస్ట్‌బిన్‌లో వేస్తారు చూడండి."

ఏం మాత్రలు వేసుకుంటున్నావని ఆమె అడగలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఆమె దగ్గర మూడు రకాల ప్లాన్లు ఉండేవి. మెల్లగా తగ్గేది, మధ్యరకం, వేగంగా తగ్గేది. వేగంగా తగ్గేదానికి ఫీజు ఎక్కువ. బేరం అంటే నాకు ఆకలి కూడా గుర్తుండదు. గింజల ధర కొంత తగ్గిస్తాను, నాకు వేగం ప్లాను మెల్లగా తగ్గేదాని ఫీజుకే ఇయ్యి అన్నాను. ఆమె కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంది. ఆ సాయంత్రం మా ఆయనకు గర్వంగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, బేరమాడి మరీ ఎక్కువ ఆకలి కొనుక్కున్న మనిషిని మద్రాసు మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ప్లాను ఇలా ఉండేది. మేము శాకాహారులం కాబట్టి పన్నీరు, వెన్న, చీజు, ఆకుకూర, కొబ్బరి. కాలిఫ్లవర్ తురిమి ఉడికిస్తే దాన్ని అన్నం అనుకోవాలి. ఉదయం ఫిల్టర్ కాఫీలో పాలకు బదులు వెన్న ముద్ద. మొదటిరోజు ఆ కాఫీ చూసి మా ఆయన, "దీనికి తాళింపు కూడా పెట్టేదా?" అని అడిగారు. తినేది రోజులో కొన్ని గంటలే, ఆ తరువాత నోరు కట్టేయాలి. పప్పు ముట్టకూడదు. పప్పుల అంగడిలో కూర్చుని పప్పు తినకుండా ఉండటం ఎట్లా ఉంటుందో, నగల అంగడిలో పనిచేసే ఆడవాళ్లను అడగండి.

మరి డాక్టరు ఉపవాసం వద్దన్నారు కదా అంటే, నా దగ్గర సమాధానం తయారుగా ఉంది. ఉపవాసం అంటే ఏకాదశి. ఇంత పన్నీరు, ఇంత వెన్న మింగుతుంటే ఉపవాసం ఎట్లా అవుతుంది? ఇలాంటి వాదనలు నాకు అంగడిలోనే అలవాటు.

అయితే అసలు విషయం వేరే ఉంది. మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం, టోకున సరుకు కొనే ఒక మండీలో కూర్చుని ఇంకో మండీ పేరు ఎత్తొద్దని. ఇద్దరి దగ్గరా సరుకు కొంటున్నామని ఒకరికి తెలిస్తే వాడి ముఖం మారిపోతుంది, ఇద్దరూ చేజారతారు. మా ఇళ్లలో చిన్నపిల్లలు కూడా ఇది పాటిస్తారు. నేను డాక్టరును ఒక మండీగా, కోచ్‌ను ఒక మండీగా చూశాను. డాక్టరుకు డైట్ గురించి చెప్పలేదు. కోచ్‌కు మాత్ర పేరు చెప్పలేదు. ఇద్దరినీ విడివిడిగా నడుపుకుంటున్న తెలివైన దాన్ననుకున్నాను. మధ్యలో ఉన్న సరుకు నా ఒళ్లేనని తట్టలేదు.

మొదట్లో అంతా బాగుంది. తూకంలో బరువు తగ్గింది. వేలికి సూది గుచ్చి చూసుకుంటే గ్లూకోమీటర్‌లో అంకెలు ఎన్నడూ చూడనంత బాగా వచ్చాయి. కోచ్ నన్ను నిలబెట్టి ఫోటో తీసింది. పాత ఫోటో పక్కన పెట్టి గ్రూపులో వేసింది. ముఖం పీక్కుపోతే గ్లో అన్నారు. బుగ్గలు లోపలికి పోతే పదేళ్లు తగ్గావన్నారు. పెళ్లిళ్లలో కనబడ్డ ప్రతి ఆడమనిషీ నా చెయ్యి పట్టుకుని రహస్యం చెప్పమంది. నా జన్మలో నన్ను అంతమంది మెచ్చుకున్నది లేదు. పిల్లల్ని కన్నందుకు మెచ్చుకోలేదు, అంగడిని నిలబెట్టినందుకు మెచ్చుకోలేదు. చిక్కిపోయినందుకు మెచ్చుకున్నారు.

తరువాత నోరు ఎండిపోవడం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా దాహమే. నా నోట్లోంచి ఏదో వాసన వస్తోందని మా ఆయన అన్నారు. "మాగి పాడైపోయిన పండు మాదిరి ఉండాది" అన్నారు. కోచ్‌కు ఫోన్ చేశాను.

"సూపర్ ఆంటీ" అంది. "అది కొవ్వు కరిగే వాసన. చాలామందికి ఇంత తొందరగా రాదు."

నాకు ఫస్ట్ ర్యాంకు వచ్చినట్టు సంతోషపడ్డాను.

ఆ కందిపప్పు వాసన ఉదయం కూడా మొదట ఫోన్ చేసింది ఆమెకే. వాంతులవుతున్నాయని, ఆయాసంగా ఉందని చెప్పాను. "కీటో ఫ్లూ ఆంటీ. ఒళ్లు షుగర్ వదిలేసి కొవ్వుకి మారతాండాది, అంతే. ఉప్పు వేసి నిమ్మకాయ నీళ్లు తాగండి. ఈడనే చాలామంది భయపడి మానేస్తారు. మీరు స్ట్రాంగ్ కదా" అంది. స్ట్రాంగ్ అన్న మాటకు నేను ఇంకో వాంతి ఓర్చుకున్నాను. ఆ రోజు కూడా షుగర్ మాత్ర మానలేదు. వాంతులైతే ఆపమన్న డాక్టరు మాట ఒక్కసారి గుర్తొచ్చింది. కానీ ఆయనకు ఫోన్ చేస్తే ఏం తింటున్నావని అడుగుతారు. అందుకని చేయలేదు.

సాయంత్రం వీధి చివర క్లినిక్‌కు వెళ్లాం. అక్కడి డాక్టరు కడుపు నొక్కి చూసి గ్యాస్ట్రయిటిస్ అన్నారు. బయట ఏమైనా తిన్నారా అని అడిగారు. లేదన్నాను. అది నిజమే. ఇంట్లో ఏం తిన్నావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒక ఇంజెక్షన్ వేసి పంపారు.

మర్నాటికి ఊపిరి నా చేతిలో లేదు. పరుగెత్తకుండానే పరుగెత్తిన మనిషిలా రొప్పుతున్నాను. లోతుగా, వేగంగా, ఆపుదామన్నా ఆగదు. మాట మధ్యలో తెగిపోతోంది. మా ఆయన అంగడి మూసేశారు. పగలు అంగడి మూసింది మా మామగారు పోయిన రోజు తరువాత అదే. ఆటోలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల, తమిళమ్మాయి. చకచకా పని చేసింది. ఈసీజీ తీశారు, బాగుంది. షుగర్ చూశారు, నూట ఎనభై రెండు. "షుగర్ పెద్దగా లేదు" అని ఆ అమ్మాయి నర్సుతో అంది. ఆ మాట విని మా ఆయన నిట్టూర్చారు. నేనూ ఊరట చెందాను. ఆ అంకే మమ్మల్ని మోసం చేస్తోందని ఎవరికీ తెలియదు.

"ఏం మాత్రలు వేసుకుంటారు?" అని అడిగింది. చెప్పాం, షుగర్‌కు, బీపీకి అని. ఆ పేర్లకు మాకు నోరు తిరగదు.

"వేరే ట్రీట్‌మెంట్ ఏదైనా? నాటు మందు, డైట్, పౌడర్లు?"

నేను మా ఆయన వైపు చూశాను. ముప్పై ఏళ్ల కాపురం, ఒకే గల్లా పెట్టె. నా చూపుకు అర్థం ఆయనకు చెప్పనవసరం లేదు. "అదేమీ లేదు మేడం, ఇంటి సాపాటే" అన్నారు ఆయన. ఊపిరి ఆడక చస్తున్న ఆడమనిషి, పక్కన చెమటలు కారుతున్న మగమనిషి, ఇద్దరూ కలిసి ప్రాణం పోసే మనిషి ముందు అంగడి గుట్టు దాచారు. ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్న ప్రశ్నలన్నీ సరిగ్గా అడిగింది. మేమే ఆమె కళ్లకు గంతలు కట్టాం. కడుపు స్కాన్‌కు రాసింది. స్కాన్ దగ్గర వరుసలో నా మంచం చాలాసేపు ఆగిపోయింది. ఆ లోపల నా కళ్ల ముందు గోడ రంగు మారడం మొదలైంది.

అప్పుడు రౌండ్స్‌కు వచ్చిన ఫిజీషియన్ నా మంచం దాటి వెళుతూ ఆగారు. పెద్దాయన, నెరిసిన జుట్టు. రిపోర్టులు చూడలేదు. నా రొమ్ము ఎట్లా ఎగసి పడుతోందో చూశారు. వంగి ముఖం దగ్గరగా పెట్టారు. నోటి వాసన చూస్తున్నారని తరువాత తెలిసింది.

"ఏమ్మా, నిన్న అన్నం తిన్నారా?" అని తమిళంలో అడిగారు.

నేను ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

"మొన్న?"

మా ఆయన ఏదో అనబోయారు. పెద్దాయన చేత్తో ఆపారు. "మీ అంగడి ఏది?" అని అడిగారు. ఎట్లా తెలిసిందో, మా ఆయన చొక్కా మీది పప్పు పిండి చూశారేమో. పప్పుల అంగడి అని చెప్పారు మా ఆయన.

పెద్దాయన నా వైపు తిరిగారు. "అమ్మా, ఎవరి దగ్గర కొన్నారో నాకు అక్కరలేదు. పేర్లు చెప్పొద్దు. సరుకు ఏమిటో చెప్పండి చాలు."

ఆ మాటకు నా నోరు తెరుచుకుంది. పన్నీరు, వెన్న, గింజల పొడి, అన్నం లేకపోవడం, కాఫీలో వెన్న, అన్నీ ఒక్కొక్కటే రొప్పుతూ చెప్పాను. మా ఆయన ఇంటికి ఫోన్ చేసి మాత్రల అట్టల ఫోటో తెప్పించారు. ఆ ఫోటో చూడగానే పెద్దాయన గొంతు మారింది. "ఏబీజీ తీయండి. బ్లడ్ కీటోన్స్. స్కాన్ వద్దు, ఐసీయూలో బెడ్ చెప్పండి" అన్నారు. ఏబీజీ అంటే రక్తంలో ఆసిడ్ ఎంతుందో చూసే పరీక్షట, దానికి మణికట్టు దగ్గర ధమనిలో సూది గుచ్చారు. ఆ నొప్పి నేను ఇప్పటికీ మరచిపోలేదు. రిపోర్టు చేతికి రాగానే డ్యూటీ డాక్టరు అమ్మాయి ముఖం పాలిపోయింది.

"డీకేఏ. డయాబెటిక్ కీటో అసిడోసిస్" అన్నారు పెద్దాయన.

మా ఆయన ఒప్పుకోలేదు. "సార్, షుగర్ నూట ఎనభై రెండే కదా. పెద్దగా లేదన్నారే."

"అదే ఇందులో మోసం. ఈ మాత్ర షుగర్‌ను యూరిన్‌లో తోసేస్తూ ఉంటుంది. కాబట్టి రక్తంలో అంకె బాగానే కనిపిస్తుంది. అన్నం లేదు, ఇన్సులిన్ చాలదు, ఒళ్లు కొవ్వును కరిగిస్తోంది. దాంట్లోంచి కీటోన్స్ పుట్టి రక్తం ఆసిడ్ అయింది. ఆ ఆసిడ్‌ను బయటికి ఊదేయడానికే ఈవిడ ఇలా రొప్పుతోంది. అలసిపోయి రొప్పడం ఆపేస్తే..." అని ఆగారు. పూర్తి చేయనక్కరలేదు.

ఐసీయూలో ఒక చేతికి ఇన్సులిన్ డ్రిప్, ఇంకో చేతికి గ్లూకోజ్ డ్రిప్. నాకు కొంచెం తెలివి రాగానే నర్సును అడిగాను, ఒకపక్క షుగర్ తగ్గించే మందు, ఇంకోపక్క షుగరే ఎక్కిస్తున్నారు, ఏదో ఒకటి చేయకూడదా, రెండింటికీ బిల్లు వేస్తారేమో అని. ఆ కేరళ నర్సమ్మ నవ్వి, "అమ్మా, రెండూ ఉంటేనే ఆసిడ్ పోతుంది. ఇక్కడ బేరం లేదు" అంది. నా బతుకులో ఎవరైనా నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. పొటాషియం పడిపోతోందని మాటిమాటికీ రక్తం తీసేవారు. చేతులు జల్లెడలయ్యాయి. పక్క మంచం మీది మనిషి దగ్గర మానిటర్ మోగినప్పుడల్లా అది నాదేననుకునేదాన్ని. కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదో అని భయం. పెళ్లిళ్లలో నా చెయ్యి పట్టుకుని రహస్యం అడిగిన ఆడవాళ్లందరూ గుర్తొచ్చారు.

తగ్గింది అనుకున్నారు. డ్రిప్పులు ఆపి వార్డుకు మార్చారు. నేను ఇంటికి పంపండని బతిమాలుకోవడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రమే మళ్లీ వాంతి, మళ్లీ ఆ రొప్పు. కీటోన్స్ తిరిగి పెరిగాయి. మళ్లీ ఐసీయూ. మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ ఏడ్చాను. మొదటిసారి ఏం జరుగుతోందో తెలియదు, రెండోసారి బాగా తెలుసు. "మీరు మాత్ర ఆపారు, కానీ మాత్ర పని ఇంకా కొన్నాళ్లు ఒంట్లో నడుస్తుంది. ఓపిక పట్టాలి" అన్నారు పెద్దాయన. మా ఆయన వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడూ ఎవరి ముందూ తల దించని మనిషి, ఆసుపత్రి క్యాంటీన్ నుంచి పెరుగన్నం పొట్లం తెచ్చి, "రెండు ముద్దలు తినుమ్మే" అని చిన్నపిల్లవాడిలా అడిగారు. ఆ అన్నం తినడానికి నాకు భయమేసింది. అన్నం చూసి భయపడే స్థితికి తెచ్చారు నన్ను.

ఇంటికి వచ్చాక, ఊపిరి ఆగకుండా నాలుగు మాటలు అనగలిగే బలం వచ్చాక, కోచ్‌కు ఫోన్ చేశాను. ఏం జరిగిందో చెప్పాను.

"అయ్యో ఆంటీ. కానీ మీరు ఆ మాత్ర సంగతి నాకు చెప్పలేదు కదా."

"షుగర్ ఉండాదని చెప్పినాను."

"షుగర్ చాలామందికి ఉంటుంది ఆంటీ. ఏం మాత్రో నాకెట్లా తెలుస్తుంది? నేను డాక్టర్ కాదు కదా."

"డాక్టరు కాని దానివి, మాత్రలు డస్ట్‌బిన్‌లో వేస్తావని ఎట్లా చెప్పినావు?"

ఆమె నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను.

"నేను పప్పుతో పాటు బియ్యం కూడా అమ్మేదాన్ని. బియ్యం అడిగితే ఇడ్లీకా, సాపాటుకా అని అడుగుతాను. సాపాటుకంటే కొత్తదా పాతదా అని అడుగుతాను. పిల్లలకంటే ఇంకోటి ఇస్తాను. బియ్యానికి నేను ఇన్ని అడుగుతానే, మనిషి ప్రాణానికి నువ్వు ఒక్క మాట అడగలేదా?"

"మీ బాడీకి సెట్ కాలేదు ఆంటీ. వందలమందికి సెట్ అయింది."

"మా పప్పులో పురుగు కనబడితే తిరిగి తీసుకుంటాము. నువ్వేం తిరిగి తీసుకుంటావు? నన్నా?"

ఫోన్ పెట్టేసింది. గ్రూపులోంచి నన్ను తీసేసింది. గ్రూపులో నేను ఏం రాస్తానో అని భయం. నా ఫోటో మాత్రం తీయలేదు. అది ఇప్పటికీ తిరుగుతోంది. తీయమని ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు.

నేను చెప్పలేదు, నిజమే. అది నా బుద్ధి తక్కువ. కానీ నా బుద్ధి తక్కువ మీద బతికే వ్యాపారం పెట్టుకున్నది ఆమె. వాసన వస్తే సూపర్, వాంతి అయితే ఫ్లూ, ఆయాసం వస్తే స్ట్రాంగ్, చావబోతే నీ బాడీ. ప్రతిదానికీ ఒక పేరు సిద్ధంగా ఉంది. ఏ పేరులోనూ డాక్టర్ దగ్గరికి వెళ్లు అన్న మాట లేదు. మా వీధిలో కల్తీ నూనె అమ్మినవాణ్ని పట్టుకోవడానికి ఆఫీసర్లు వస్తారు. నోటితో కల్తీ అమ్మేవాళ్లను పట్టుకోవడానికి ఎవరు వస్తారు? నాకు తెలియదు.

తరువాతి నెలల్లో జుట్టు గుప్పిళ్లుగా ఊడింది. చర్మవైద్యురాలు, ఒళ్లు దెబ్బతిన్న తరువాత ఇలా రాలుతుంది, మెల్లగా మళ్లీ వస్తుందన్నారు. సగం వచ్చింది. తగ్గిన బరువు మాత్రం మొత్తం, మీద కాస్త వడ్డీ కూడా కలుపుకుని తిరిగి వచ్చింది. కొన్నాళ్లు ఇన్సులిన్ వేసుకున్నాను. ఇప్పుడు వేరే మాత్రలు. ఆ పాత మాత్ర చెడ్డది కాదని మా డాక్టరు మరీ మరీ చెప్పారు, ఎంతోమందికి మేలు చేస్తుందట. నాకు మాత్రం ఇక వద్దని, ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ సంగతి ముందే చెప్పాలని అన్నారు. ఆసుపత్రి డైటీషియన్ ఇచ్చిన తిండిలో ఇంగ్లీషు పేర్లు లేవు. పళ్లెంలో సగం కూరలు, ఒక పక్క పప్పు, ఇంకో పక్క కొంచెం అన్నం. సాయంత్రం బీచ్ రోడ్డు వైపు నడక. బరువు తగ్గుతోంది, ఎంత మెల్లగానంటే మా ఆయన నమ్మరు. "తరాజు రిపేరు చేయించమ్మే" అంటారు. మోకాలి నొప్పి పోలేదు, కాస్త తగ్గింది. అన్నం తింటున్నాను.

ఈమధ్య మల్లిక అని, తిరువొత్తియూరు నుంచి వారం వారం సరుకులకు వచ్చే ఆమె, అవిసెగింజలు, బాదం అడిగింది. ఎందుకమ్మా అంటే ఫోను తీసి చూపించింది. చూస్తే నా ఫోటో.

"ఇది మీరే కదా అక్కా? ఎంత బాగుండారు. నేను కూడా చేరతాండాను. చెల్లెలి కొడుకు పెళ్లికి పాత పట్టుచీర కట్టుకోవాల, దాని జాకెట్టు పట్టటం లేదు."

"ఆ ఫోటో తీసిన కొద్దినాళ్లకే నేను ఐసీయూలో ఉండాను. నీకు షుగర్ ఉండాదా?"

"లైట్‌గా."

"మాత్రలు ఏమేసుకుంటావు?"

"పేరు తెలీదు అక్కా. ఒకటి తెలుపు, ఒకటి పసుపు."

"ఆ అట్టలు తీసుకొని నీ డాక్టరు దగ్గరికి పో. ఈ డైటు చేస్తాననీ చెప్పు. ఆయన సరే అంటేనే నీకు గింజలు. అంతవరకు లేవు."

"ఆడ మూట కనపడతాండాదే."

"ఉండాది. నీకు లేదు."

మా ఆయన గల్లా పెట్టె దగ్గర తల పట్టుకున్నారు. "వచ్చిన గిరాకీని తరిమేస్తా ఉండావే. అంగడి మూసేద్దామా?" అన్నారు. ఆమె వెళ్లేదాకా ఆగి, "ఆమె డాక్టరు దగ్గరికి పోతాదంటావా?" అని మెల్లగా అడిగారు.

మల్లిక వెళ్లింది. వచ్చే వారం మళ్లీ వచ్చింది, ముఖం మాడ్చుకుని. పసుపు మాత్ర నేను వేసుకున్న రకందేనట, ఈ డైటు ముట్టొద్దని ఆమె డాక్టరు గట్టిగా చెప్పారట. "మీవల్ల పాత జాకెట్టు పట్టదు అక్కా" అని నిష్ఠూరమాడింది. పట్టకపోతే కుట్టు విప్పించుకోమన్నాను. గింజలు అడగలేదు, మినప్పప్పు తీసుకుంది, అందులోనూ ధర తగ్గించమని సతాయించింది. తగ్గించాను.

మీకు నేను చెప్పగలిగేది ఒక్కటే. తిండి మార్చాలనుకుంటే, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేసుకుని, వాటిని రాసిన డాక్టరు బల్ల మీద కుమ్మరించి, ఏం తినడం మానబోతున్నారో దాచకుండా చెప్పండి. వద్దంటే మానండి. ఏ మాత్ర ఆపాలో, ఏది ఆపకూడదో వాళ్లనే అడగండి. మీ మాత్రల పేర్లు అడగకుండా మీ తిండి మార్చేవాళ్లు ఎవరైనా సరే, ఊరికే ఇచ్చినా తీసుకోకండి.